సోల్డరింగ్‌కి ఏ భూతద్దం?

ఆ బోర్డు ఇలా తే తల్లీ. ఇదిగో, ఈ మూల నల్లగా చుక్కంత ఉందే, అది రెసిస్టరు. దీన్ని 0402 అంటారు. అంటే పొడవు 0.04 అంగుళం, వెడల్పు 0.02 అంగుళం. మన లెక్కలో 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. మిల్లీమీటర్ల లెక్కలో కూడా 0402 అని ఇంకొకటుంది. అది 0.4 మిల్లీమీటర్ల పొడవే ఉంటుంది. ఆర్డరు పెట్టేటప్పుడు ఏ 0402నో చూసుకో, లేకపోతే డబ్బు దండగ.

దీన్ని అతకడానికి వెయ్యి రెట్లు పెద్దది చేసి స్క్రీను మీద చూపించే కెమెరా మైక్రోస్కోపు కొంటానన్నావు. వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో విను.

దేన్నైనా వివరంగా చూడాలంటే కంటికి దగ్గరగా తెచ్చుకుంటాం. పదేళ్ల పిల్లలకు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్నది కూడా స్పష్టంగా కనిపిస్తుంది. వయసు వచ్చేకొద్దీ కంటిలోని కటకం బిరుసెక్కి ఆ దూరం పెరిగిపోతుంది. అదే చత్వారం. అందుకని లెక్కకు అందరికీ 25 సెంటీమీటర్లు అని పెట్టుకున్నారు. ఆ 25ని భూతద్దం నాభ్యంతరంతో భాగిస్తే అది ఎన్ని రెట్లు చూపిస్తుందో సుమారుగా తేలుతుంది. పది రెట్లు చూపించే అద్దానికి నాభ్యంతరం రెండున్నర సెంటీమీటర్లు. అంటే బోర్డును అద్దానికి అంత దగ్గరగా పెట్టాలి. ఆ సందులోకి 350 డిగ్రీల వేడి మీదున్న సోల్డరింగ్ ఐరన్ ఎలా దూరుతుంది? ట్వీజర్ ఎలా దూరుతుంది? ఫ్లక్స్ పొగంతా అద్దానికే పడుతుంది. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి తగిలించుకునే ఆ అద్దం అతికిన తర్వాత చూసుకోవడానికి మంచిదే, అతికేటప్పుడు మాత్రం కాదు.

తలకు తగిలించుకునే భూతద్దం రెండు మూడు రెట్లే చూపిస్తుంది. కానీ కింద జానెడు జాగా ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. రెండు కళ్లతో చూస్తావు, అది అన్నిటికన్నా ముఖ్యం. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడు, నీకే తెలుస్తుంది. రెండు కళ్లూ కాస్త తేడాగా చూస్తేనే మెదడుకు లోతు అందేది. 0805, 0603 సైజులకు ఈ అద్దం చాలు.

ఇంకా చిన్నవాటికి కావలసింది స్టీరియో మైక్రోస్కోపు. గ్రీనో అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1890లలో జర్మనీలోని జైస్ కంపెనీకి ఇచ్చిన ఆలోచన ఇది. ఒక్కో కంటికి విడివిడిగా ఒక్కో దారి, రెండూ కాస్త వాలుగా ఒకే చోటును చూస్తాయి. బొమ్మ నిటారుగా కనిపిస్తుంది. మీ కాలేజీ బయాలజీ లాబ్‌లోని మైక్రోస్కోపులో బొమ్మ తలకిందులు, చెయ్యి కుడికి కదిపితే ఎడమకి కదిలినట్టుంటుంది. పైగా దాని 40 రెట్ల కటకం కింద మిల్లీమీటరు సందు కూడా మిగలదు.

స్టీరియోల్లో 7 నుంచి 45 రెట్ల దాకా పెంచుకునేవి బాగా వాడకంలో ఉన్నాయి. వాటి కింద దూరం సుమారు 10 సెంటీమీటర్లు. అడుగున 0.5 కటకం బిగిస్తే ఆ దూరం దాదాపు రెట్టింపవుతుంది, బొమ్మ 3.5 నుంచి 22.5 రెట్లకు తగ్గుతుంది. తగ్గితే నష్టమేమీ లేదు. పది రెట్ల దగ్గర 20 మిల్లీమీటర్ల మేర బోర్డు కనిపించే యంత్రంలో 40 రెట్ల దగ్గర 5 మిల్లీమీటర్లే కనిపిస్తుంది. ఐరన్ మొన ఎటునుంచి వస్తోందో కూడా తెలియదు. రెట్లు పెంచేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతూ తగ్గిపోతుంది. బోర్డు చదును కనిపిస్తే చిప్పు పైభాగం మసక. పని పది రెట్ల దగ్గర చెయ్యి, తప్పు వెతకాలంటే ఇరవై దాకా పో.

ఇక నువ్వు చూసిన ఆ వెయ్యి రెట్ల కెమెరా. అందులో చాలా భాగం స్క్రీను పెద్దదవడం వల్ల వచ్చే లెక్కే. చిన్న టీవీలోని బొమ్మను పెద్ద టీవీలో చూసినంత మాత్రాన కొత్త వివరం పుట్టదు. కెమెరా ఒక్కటే కాబట్టి లోతు తెలియదు. బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తే చెయ్యి గురి దాటిపోతుంది. నలుగురికి చూపించడానికి, ఫొటో తీసి పెట్టుకోవడానికి అయితే అది చాలా బాగుంటుంది, మెడ కూడా నొప్పెట్టదు.

వెలుతురు సంగతి ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ. కటకం చుట్టూ ఉండే రింగు లైటు నీడ పడనివ్వదు, కానీ మెరిసే సోల్డర్ మీద తళుక్కుమని కళ్లకు కొడుతుంది. పక్కనుంచి వాలుగా ఇంకో చిన్న దీపం పెట్టు. సోల్డర్ కాలు మీదికి ఎక్కిందో లేదో, రెండు కాళ్లను కలిపేసిందో ఆ నీడలోనే తెలుస్తుంది.

ముందు తలకు తగిలించుకునేది కొనుక్కో. దాంతో 0603లు చక్కగా అతకడం వచ్చాక స్టీరియో కొందాం, దాని డబ్బులు నేనిస్తాను.