స్వల్పములైన కొలతలు, సమగ్రమైన చిత్రము

మాచర్ల, గురజాల ప్రాంతములనుండి నరసరావుపేటకో గుంటూరునకో వచ్చి ఎమ్మారై యంత్రములో పరుండు రోగికి, కదలక మెదలక గడపవలసిన ప్రతినిమిషమును దీర్ఘముగనే తోచును. యంత్రము కొలతలను ఒకదాని వెనుక నొకటిగా సేకరించుటయే యీ జాప్యమునకు ముఖ్యహేతువు. ఆ కొలతలలో చాలభాగమును విడిచిపెట్టినను, మిగిలినవానిలో కొంత దోషము కలిసియున్నను, చిత్రమును దాదాపు యథాతథముగ పునర్నిర్మింపవచ్చునని 2007లో లస్టిగ్, డోనహో, పాలీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. దీనికి మూలమైన గణితమునకు కంప్రెస్డ్ సెన్సింగ్ అని పేరు.

చిత్రమును నిర్ణయించు సంఖ్యలు అజ్ఞాతములు, ప్రతి కొలతయు వానిపై నొక సమీకరణము. వేయి అజ్ఞాతసంఖ్యలకు నూరు సమీకరణములే యున్నచో సమాధానములు అనంతములని బీజగణితము చెప్పును. కాని ఆ వేయింటిలో సున్న కానివి ఏ పదియో మాత్రమే యని, అనగా ఆ సంఖ్యల సమూహమైన సంకేతము విరళమని, ముందుగా నెఱిగినచో స్థితి మాఱును. అరువదినాలుగు మిరప టిక్కీలలో (బస్తాలలో) ఒక్కటి మాత్రము పది కిలోలు తక్కువ తూగుచున్న దనుకొందము. టిక్కీలకు 0 మొదలు 63 వఱకు సంఖ్యలు వేసి, వానిని ద్విసంఖ్యామానమున ఆఱేసి అంకెలతో వ్రాసి, మొదటి అంకె 1 అయిన ముప్పదిరెండింటి నొకమాఱు, రెండవ అంకె 1 అయినవాని నింకొకమాఱు, ఇట్లు ఆఱుమాఱులు కాటా కెక్కించినచో, ఏయే తూకములలో లోటు కనబడెనో దానినిబట్టియే ఆ టిక్కీ సంఖ్య బయల్పడును. కాటా ఒకటి రెండు కిలోలు అటునిటు చూపినను పది కిలోల లోటు మఱుగుపడదు. కాటా దోషమే పది కిలోల కెక్కినచో ఆ ఆఱు తూకములు చాలవు.

సున్న కాని సంఖ్యలు పెక్కులైనపుడు అన్ని కూర్పులను పరీక్షించుట ఎంతటి గణనయంత్రమునకైనను దుస్సాధ్యము. అందుచే సమాధానములలో నిరపేక్షమూల్యముల మొత్తము కనిష్ఠమైనదానిని ఎన్నుకొందురు. వర్గముల మొత్తమును కనిష్ఠము చేసినచో విలువ అన్ని స్థానములకు చెదరిపోవును, నిరపేక్షమూల్యముల మొత్తమైనచో కొన్ని స్థానములందే కూడుకొనును. కొలతలలో దోషమున్నపుడు సమీకరణములు అక్షరాల సరిపోవలెనని పట్టుపట్టరాదు. పట్టుపట్టినచో దోషమునే సంకేతమని భ్రమింతుము. దోషపరిమాణము మేరకు వ్యత్యాసమును సహించినచో, తగిన కొలతలయందు, ఫలితములోని తప్పు ఆ దోషమునకు ఒక స్థిరగుణిజమును మించదని కాండెస్, రోంబర్గ్, టావోలు 2006లో స్థాపించిరి.

ఈ శాస్త్రమున మనవారి కృషియు గణనీయము. 1947లో గుంటూరున జన్మించి, 2012లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందిన మాతుకుమల్లి విద్యాసాగర్ ఈ విషయముపై 2019లో ఒక పాఠ్యగ్రంథమును వెలువరించిరి. తొలి సిద్ధాంతములు కొలతలను నిర్ణయించు యాదృచ్ఛికసంఖ్యల పట్టికలపై ఆధారపడగా, ఆయన మహ్సా లోత్ఫీతో కలిసి 0, 1 అంకెలతో మాత్రమే నిర్మితములైన నియతపట్టికలను పరిశీలించిరి. టిక్కీ కాటాపై నున్నచో 1, లేనిచో 0 అనుకొన్నయెడల పైని తూకములును అట్టి పట్టికయే. ఇట్టి పట్టికలవలన నిల్వయు గణనయు తేలికయగును.

అయితే విరళత్వము వస్తువునందు నిజముగ నుండవలసినదే గాని మనము ఊహించుకొనదగినది కాదు. అది లేనిచోట ఈ పద్ధతి చూపునకు స్వచ్ఛమైన అసత్యచిత్రమును కల్పింపగలదు. కావున కొలతల నెంత తగ్గింపవచ్చునను లెక్కతోబాటు, ఎంతకు మించి తగ్గింపరాదను లెక్కను గూడ యంత్రనిర్మాతలును వైద్యులును పాటింపవలెను. ఈ రెండవ లెక్కను నేర్పుటయందే యీ గణితముయొక్క ఘనత యున్నది.