కైలాస యాత్రకు సామాను

ప్రభుత్వము పంపు జట్టులతో కైలాస మానససరోవరములకు పోవువారు టిబెట్టులో డోల్మా కనుమను దాటవలెను. దాని ఎత్తు సుమారు 5,600 మీటర్లు. అచ్చట వేసవిలో సైతము మంచు కురియవచ్చును. మనవారు అలవాటుగా నూలుబట్టలే అధికముగా సర్దుకొందురు. తడిసిన నూలు త్వరగా ఆరదు, ఒంటివేడిని హరించును. కావున పలుచని ఉన్నిబట్టలు రెండు మూడు పొరలుగా ధరించి, పైన వానకోటు తొడుగుట మేలు. ఎక్కునపుడు చెమట పట్టకమునుపే ఒక పొర విప్పవచ్చును. ఒకే దళసరి కోటుతో ఈ వెసులుబాటు లేదు. చేతితొడుగులు, చలువ కళ్ళద్దములు మరువరాదు. క్రొత్త బూట్లు నెల ముందే తొడిగి నడువవలెను.

పెద్ద మూటలు వేరుగా వచ్చును, ఆలస్యము కావచ్చును. అందుచే నిత్యము వాడు మందులు భుజమునకు తగిలించుకొను సంచిలోనే ఉండవలెను. మధుమేహరోగులు ఇన్సులినును లోపలి జేబులో ఉంచుకొనవలెను. ఒకమారు గడ్డకట్టినది కరగినను పనికిరాదు.