పాత పికప్ రేడియేటర్‌లో సున్నపురాయి

బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి మోసే పాత బొలెరో, టాటా 207 పికప్ బండ్లు వేసవిలో హీట్ ఎక్కి రోడ్డు పక్కన ఆగిపోవడం మామూలే. ఎండ తీవ్రత నిజమే కానీ, చాలా బండ్ల విషయంలో అసలు కారణం రేడియేటర్‌లో పోసే బోరు నీళ్లు.

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో నేల కింద సున్నపురాయి విస్తారంగా ఉంది. భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లోనే ఇక్కడి శిలలను వివరంగా వర్ణించాడు. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని స్వల్పంగా ఆమ్లమవుతుంది, రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. అలా కరిగిన కాల్షియం బైకార్బొనేట్‌తోనే బోరు నీళ్లు పైకి వస్తాయి. నీటిలోంచి ఆ వాయువు బయటికి పోతే సున్నపురాయి మళ్లీ గట్టిపడి పేరుకుంటుంది. బెలుం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు వేల ఏళ్లుగా ఏర్పడింది ఈ చర్యతోనే. ఇంజిన్‌లో నీళ్లు 90 డిగ్రీల దాకా కాగుతాయి కనుక అదే పని నెలల్లో జరిగిపోతుంది. పైగా ఆవిరైపోయేది నీరు మాత్రమే, సున్నం లోపలే ఉంటుంది. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తే పొర మందమవుతూనే పోతుంది.

ఈ పొర వేడిని అల్యూమినియంతో పోలిస్తే సుమారు వందో వంతే ప్రసరింపజేస్తుంది. సన్నని గొట్టాలు ఇరుకై నీటి ప్రవాహమూ మందగిస్తుంది. చివరికి దెబ్బ పడేది హెడ్ గ్యాస్కెట్‌కు.

ఆదివారం ఇంటి దగ్గరే రేడియేటర్‌ను శుభ్రం చేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. పాత నీళ్లు టబ్బులోకి వదిలేసి, నిమ్మ ఉప్పు పలుచగా కలిపిన నీళ్లు పోసి ఇంజిన్‌ను కాసేపు నడపాలి. సున్నం కరిగి గోధుమరంగు నీళ్లు వస్తాయి. చల్లారాక వాటిని తీసేసి, తేటగా వచ్చేదాకా కడగాలి. ఆమ్లం మిగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. మరీ పాత రేడియేటర్‌లో చిల్లులను మూసి ఉంచింది ఆ సున్నమే అయితే, కడిగాక కారడం మొదలవుతుంది. దానికి రిపేరు తప్పదు.

హీట్ ఎక్కుతోందని థర్మోస్టాట్‌ను పీకేయడం చాలాచోట్ల చూస్తాం. అది తప్పు వైద్యం. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ తగినంత వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. దాన్ని గిన్నెడు నీళ్లలో వేసి, థర్మామీటరు పెట్టి, పొయ్యి మీద కాచి పరీక్షించవచ్చు. చాలా రకాల్లో 82 డిగ్రీల దగ్గర లోపలి మైనం కరిగి వ్యాకోచించి, వాల్వు మెల్లగా లేస్తుంది. మరిగే నీళ్లలోనూ కదలకపోతే కొత్తది వేయాలి.

తిరిగి నింపేటప్పుడు కూలెంట్‌ను బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. మన ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టే భయం లేకున్నా, కూలెంట్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా ఉంచాలి, పాతది కాలువలో పోయకూడదు. నింపాక మూత తెరిచి ఉంచి ఇంజిన్ నడిపితే, థర్మోస్టాట్ తెరుచుకునే సమయానికి లోపలి గాలి బుడగలు బయటికి వస్తాయి. మరునాడు పొద్దున చల్లని ఇంజిన్ మీద మట్టం చూసి, తగ్గినంత అదే మిశ్రమం పోయాలి.