క్వార్టర్ వచ్చింది!

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా అక్కడి మగపిల్లలు సైన్యంలో చేరుతుండటంతో మిలటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. అలాంటి ఊళ్లో ఫోన్ మోగి ‘క్వార్టర్ వచ్చింది’ అన్న మాట వినబడితే ఇల్లాలికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అటక మీది నల్ల ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. పచ్చడి జాడీలకు వాసెన కడతారు. పిల్లల టీసీల కోసం బడికి పరుగు పెడతారు.

అదే మాట మందు దుకాణం ముందు 180 మిల్లీలీటర్ల సీసా. బడిపిల్లలకు మూడు నెలల పరీక్ష. ఆటల్లో సెమీఫైనల్‌కు ముందు మెట్టు. వీటన్నిటి వెనకా ‘పావు’ ఉంది. మరి ఇల్లు పావు ఎలా అయింది? లాటిన్‌లో క్వార్టస్ అంటే నాలుగోది. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరేసరికి నాలుగో వంతు కాస్తా ‘ఒక భాగం’ అయింది, ఊళ్లో ఒక పేట అయింది, ఆ తర్వాత బస అయింది. సైనికుల బసలూ సరంజామా చూసే అధికారి క్వార్టర్ మాస్టర్ అయ్యాడు. మన యూనిట్లలో రేయింబవళ్లు కాపలా కాసేది క్వార్టర్ గార్డ్.

ఈ మాటకు చేదు చరిత్రా ఉంది. 1765లో బ్రిటిష్ పార్లమెంటు క్వార్టరింగ్ చట్టం తెచ్చి, తమ సైనికుల బస భారాన్ని అమెరికా వలసల నెత్తిన పెట్టింది. ఆ కోపం చల్లారలేదు. శాంతికాలంలో యజమాని ఒప్పుకోనిదే ఏ ఇంట్లోనూ సైనికుణ్ణి దించకూడదని 1791లో అమెరికా రాజ్యాంగంలో మూడో సవరణే వచ్చింది. యుద్ధభూమిలో ‘క్వార్టర్’ అంటే ప్రాణభిక్ష. లొంగిపోయినవాళ్లనూ వదలబోమని ప్రకటించడాన్ని 1907 నాటి హేగ్ నిబంధనలు నిషేధించాయి. తలదాచుకునే చోటుకూ తల దక్కడానికీ ఒకటే మాట!

మనకూ ఇలాంటి మాటలున్నాయి. పాళెం అంటే సేన విడిసిన చోటు. దండు కదిలిపోయినా పేరు మిగిలి ఊరైంది. మూడో నిజాం సికిందర్ జా పేరుతో 1806లో సికింద్రాబాద్ అయిన కంటోన్మెంటును జనం లష్కర్ అన్నారు. ఫార్సీలో లష్కర్ అంటే సైన్యమే. రెజిమెంటల్ బజార్ పేరులో ఆ దండు ఇంకా పలుకుతుంది. ఏసీ గార్డ్స్ అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం ఉన్న పేట.

లష్కర్ బోనాల కథ కూడా బదిలీ కథే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయిని వెళ్లాడు. ఇక్కడ కలరా చెలరేగిందని విని, తనవాళ్లు బతికితే గుడి కడతానని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడట. తిరిగొచ్చి 1815లో కొయ్య విగ్రహం నిలిపాడు. ఉద్యోగం ఒకచోట, ప్రాణం ఒకచోట ఉన్నవాడి మొక్కు అది.

ఇప్పటి జవాను పరిస్థితీ అదే. సర్వీసులో ఆలుబిడ్డలతో ఒకే కప్పు కింద గడిపే కాలం ఓ వాటా మాత్రమే. ఫీల్డ్ పోస్టింగులకు కుటుంబం వెంట వెళ్లలేదు. పీస్ స్టేషన్‌కు వచ్చినా సీనియారిటీ జాబితాలో పేరు పైకి రావాలి. అది వచ్చేలోపు బదిలీ ఉత్తర్వు రావచ్చు. ఇళ్ల కొరత తీర్చడానికే 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు మొదలైంది. జీతం, పింఛను గురించి మాట్లాడుకున్నంతగా మనం ఈ నిరీక్షణ గురించి మాట్లాడుకోం. నా మటుకు సైనికుడికి క్వార్టర్ సౌకర్యం కాదు. సంసారంలో అతనికి రావలసిన వాటా.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం మార్చింగ్ ఇన్, వదిలేయడం మార్చింగ్ అవుట్. మిలటరీ ఇంజినీర్ సర్వీసెస్ మనిషి వచ్చి ఫ్యాన్లు, కుళాయిలు, కిటికీ అద్దాలు లెక్క చూసుకుంటాడు. పెరట్లో మన తెలుగావిడ నాటిన కరివేపాకు ఆ జాబితాలో ఉండదు. కొత్తగా దిగబోయే గఢ్వాలీ ఇల్లాలికి దాన్ని చూపించి, నీళ్లు పోస్తుండమని చెప్పి, రెండు రెమ్మలు తుంచి కొంగున ముడేసుకుని ట్రక్కు వైపు నడుస్తుంది.