ఇది ఏ దోమ?

దోమలెన్ని రకములని మా కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులను ఏటేటా అడుగుచుందును. "చిన్నవి, పెద్దవి" అను సమాధానమే తరచుగా వచ్చును. నవ్వనక్కరలేదు. 1902లో నోబెల్ బహుమానము పొందిన వైద్యుడును మొదట ఇచ్చటనే చిక్కుపడెను.

సైనిక వైద్యుడగు రొనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాదునకు వచ్చి, మలేరియా క్రిమి దోమలో పెరుగునేమో చూడబూనెను. రోగులను దోమలచేత కుట్టించి, ఆ దోమలను కోసి, సూక్ష్మదర్శినిలో వెదకెను. ఏమియు కనబడలేదు. ఆయన పనితనములో లోపము లేదు, దోమయే వేరు. ఆయనకు దొరికినవి నేడు మనము క్యూలెక్స్, ఈడిస్ అను ప్రజాతులలో చేర్చునవి. మనుష్యుల మలేరియా క్రిమి వాటిలో పెరగదు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కలుగల దోమలు కొన్ని చేతికందినవి. ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో, మలేరియా క్రిమికుండు నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణములు కనబడెను. అది అనాఫిలిస్. పేరు తెలియక ఆయన దానిని మచ్చల రెక్కల దోమ అనియే వ్రాసికొనెను.

ఒక జీవిని గుర్తించుటకు పై మెట్టునుండి క్రిందికి దిగవలెను. కీళ్లుగల కాళ్లు, గట్టి పైతొడుగు ఉన్నవి గనుక దోమ సంధిపాదుల వర్గమునకు చెందును. రొయ్య, తేలు, సాలీడు, జెర్రి కూడ ఇందులోనివే. కాళ్లు ఆరు గనుక కీటక విభాగము. (సాలీడునకు ఎనిమిది. దానిని పురుగనుట వాడుకలో చెల్లును గాని పరీక్షలో చెల్లదు.) రెక్కలు ఒకే జత, రెండవ జత చిన్న గుబ్బలుగా మారి, ఎగురునపుడు ఒడలిని నిలకడగా ఉంచును. ఈగకును ఇంతే, రెండును ద్విపక్ష క్రమములోనివి. పొడవైన తొండము, రెక్కల ఈనెలపై పొలుసులు ఉన్నచో దోమల కుటుంబము. ఇంతవరకు బడిపిల్లలెవరైనను రాగలరు. రాస్‌ను నిలిపివేసినది తరువాతి మెట్టగు ప్రజాతి.

గోడపై వాలిన దోమను ప్రక్కనుండి చూడుడు. తొండము, తల, ఒడలు ఒకే గీతలో ఉండి, వెనుకభాగము పైకి లేచియున్నచో అది అనాఫిలిస్. గూనితో, ఒడలు గోడకు సమాంతరముగా ఉన్నచో క్యూలెక్స్ గాని ఈడిస్ గాని కావచ్చును. నల్లని ఒంటిపై, కాళ్లపై తెల్లని పట్టీలుండి పగటిపూట కుట్టునది ఈడిస్. నీటిలోని డింభకములను పోల్చుట ఇంకను సులభము. అనాఫిలిస్ పిల్ల నీటి పైపొరకు ఆనుకొని పడుకొన్నట్లుండును. మిగిలిన రెండింటి పిల్లలు తోకయొద్దనున్న శ్వాసగొట్టమును పైకి పెట్టి తలక్రిందులుగా వ్రేలాడును. ఉపాధ్యాయులు ఒక గాజుగ్లాసుతో తరగతిలోనే చూపవచ్చును. పాఠము కాగానే ఆ నీటిని ఎండిన నేలపై పారబోయుట మాత్రము మరువరాదు!

ఈ తేడా తెలియనిచో పడిన శ్రమ వృథాయగును. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్స్ మురుగునీటిలో పెరుగును. డెంగీ, చికన్‌గున్యాలను మోయు ఈడిస్ ఇంటి తొట్టెలలో, పాత టైర్లలో నిలిచిన నీటిని కోరును. అనాఫిలిస్‌లోనే మరల జాతిభేదములున్నవి: పల్లెలలో మలేరియాను మోయు క్యూలిసిఫేసిస్ వాగుల ప్రక్క మడుగులలోను, పొలముల నీటిలోను పెరుగును; పట్టణపు స్టీఫెన్సై బావులను, మేడమీది నీళ్లతొట్లను వెదకికొనును. డెంగీ వచ్చిన వీధిలో మురుగుకాలువ మాత్రమే బాగుచేసి వెళ్లినచో, పెరటిలోని తొట్టెలో ఈడిస్ సుఖముగానే ఉండును.