బొమ్మల పాఠమును వీడియోగా నిలుపుకొనుట



వెనుకటి కాలమున వ్యవసాయ ప్రదర్శకులు మేజిక్ లాంతరుతో గ్రామములకు వచ్చి, గాజుపలకల మీది బొమ్మలను తెల్లగుడ్డపై చూపుచు ఉపన్యసించెడివారు. నేడు కంప్యూటరులోని స్లైడులు ఆ గాజుపలకల స్థానమును పొందినవి. సాధనము మారినది గాని లోపము మారలేదు. ఆ దినమున సభకు రాని వారికి బొమ్మయు లేదు, మాటయు లేదు.

రాని వారెవరు? తరచుగా కలుపుతీతలో నున్న స్త్రీలు, కూలికి పోయిన కౌలుదార్లు. పత్తిలోని గులాబిరంగు పురుగు ఈ భేదమును విచారింపదు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు దినములు, దినమునకు ఎనిమిదేసి రెక్కలపురుగులు పడినయెడల నివారణకు అదను వచ్చినదని తెలియవలెను. పురుగు కాయలోనికి దూరిన పిమ్మట మందు దానికి తగులదు. కావున ఈ యొక్క మాట వినకపోవుట పంటనష్టమే యగును.

మన తొర్రూరునకు పొరుగుననున్న కొడకండ్లలో 2020 అక్టోబరు 31వ తేదీన రైతువేదిక ప్రారంభింపబడెను. రాష్ట్రమున అట్టివి 2,601 కట్టబడినవి. వేదికలో చెప్పిన పాఠము ఇంటింటికి చేరవలెనన్న దానిని వీడియోగా నిలుపుకొనవలెను. 2006లో బెంగుళూరున మైక్రోసాఫ్టు పరిశోధనాలయమందు మొదలైన డిజిటల్ గ్రీన్ కార్యక్రమము, రైతుల సేద్యపద్ధతులను వీడియో తీసి తోటి రైతులకు చూపు మార్గమునే యవలంబించినది.

ఇందుకు రెండు పద్ధతులు గలవు. మొదటిది, పవర్‌పాయింటులోనే మాటను రికార్డు చేసి, అంతయు వీడియోగా మార్చుట. ఇందు ధ్వని ఏ స్లైడునకు ఆ స్లైడుగా నిలుచును గనుక, తప్పిన చోటునే తిరిగి చెప్పవచ్చును. స్లైడు మారు క్షణమున మాట నమోదు కాదు. కావున మాట ఆపి, స్లైడు మార్చి, పిదప చెప్పవలెను.

రెండవది, ఓబీఎస్ స్టూడియో. దీనికి వెల లేదు. తెరపై కనబడునదానిని, మైకులోని మాటను ఇది కలిపి పట్టును. ఎంకేవీ రూపమున దాచినచో, నడుమ కరెంటు పోయినను అంతవరకు చెప్పినది దక్కును. పిమ్మట అందులోనే ఎంపీ4గా మార్చి వాట్సాపులో పంపవచ్చును.

పాఠము చెప్పువారు కొన్ని నియమములు పాటింపవలెను. ఒక వీడియోకు ఒకే విషయము, అయిదు నిమిషములకు మించరాదు. ఫోను తెర అరచేతి పాటిదే గనుక అక్షరములు పెద్దవిగాను, కొద్దిగాను ఉండవలెను. చదువురాని వారికొరకు మందు పేరును, మోతాదును బిగ్గరగా, రెండుమారులు చెప్పవలెను. బొమ్మలు మన చేలలో తీసినవైన మేలు. అన్నింటికంటె ముఖ్యము, ఆరంభముననే తేదీని, పంట వయస్సును చెప్పుట. వీడియో ఏండ్ల తరబడి చేతులు మారుచుండును. నేటి సలహా మరు సంవత్సరమునకు చెల్లకపోవచ్చును.

వీడియో ప్రశ్నకు బదులు చెప్పజాలదు. కావున సంఘమువారు దానిని పదిమందిలో ప్రదర్శించి, విషయమెరిగిన వారినొకరిని ప్రక్కన కూర్చుండబెట్టుట యుక్తము. అప్పుడు సభకు రాలేని సభ్యురాలికి సైతము అదను తప్పక పాఠమందును.