నవల మీద వ్యాసం: కథ చెబితే చాలదు, రుజువు చూపాలి

శుక్రవారం వచ్చిందంటే మన క్యాంపుల్లో అందరి చెవులకూ ఫోన్లే. "ఎట్ల చదువుతున్నవ్? ఎన్ని మార్కులొచ్చినయ్?" ఈ రెండు ప్రశ్నలతోనే చదువు ముచ్చట అయిపోతుంది. లెక్కలకో, సైన్సుకో ట్యూషన్ కావాలంటే పైసలు పంపి ఊరుకుంటాం. కానీ ఇంటి దగ్గర డిగ్రీ చదివే పిల్లలు ఇప్పుడు ఇంకో మాట అడుగుతున్నారు. "ఒక నవల చదివి దాని మీద వ్యాసం రాయమన్నరు. ఎట్ల రాయాలె?" అని. అది మనవల్ల కాదని వెంటనే ఫోన్ పెట్టేయకండి. సైటులో పనిచేసేవాళ్లకు ఈ విద్య సగం వచ్చే ఉంటుందని మా అనుభవం.

మేము రియాద్‌లో సైటు సూపర్‌వైజర్లం. సివిల్ డిప్లొమా చదివినోళ్లమే తప్ప సాహిత్యం చదివినోళ్లం కాదు. మా గదిలో నలుగురం. ఒకరి అక్క కొడుకు, మాలో పెద్దాయన బిడ్డ ఒకేసారి ఈ వ్యాసం పనిలో పడ్డారు. ఇద్దరూ తీసుకున్న నవల 'ఆడుజీవితం'. మలయాళ రచయిత బెన్యామిన్ 2008లో రాసిన పుస్తకం. 2009లో కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2012లో 'గోట్ డేస్' పేరుతో ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. 2024లో బ్లెస్సీ తీసిన సినిమా మన తెలుగులోనూ వచ్చింది. ఉద్యోగం కోసం సౌదీ వచ్చిన నజీబ్ అనే కేరళ మనిషిని విమానాశ్రయం నుంచి ఎవరో తీసుకుపోయి, ఎడారిలో మేకల మంద దగ్గర మూడేళ్లకు పైగా కట్టిపడేసిన కథ అది.

మొదటిసారి ఏం రాశారు?

అక్క కొడుకు నాలుగు పేజీలు రాసి ఫోన్‌లో ఫొటోలు పంపాడు. మొదటి నుంచి చివరిదాకా కథే. పెద్దాయన బిడ్డ మాత్రం రెండు పేజీల నిండా "పాపం" అని రాసింది. ఒకటి సినిమా కథ చెప్పినట్టు, ఇంకొకటి పలకరింపుకు పోయినట్టు ఉన్నాయి. రెండూ వ్యాసాలు కావు.

మాకు తెలిసిన భాషలో చెప్పాం. స్లాబ్ పోసినంక "కాంక్రీట్ బాగుంది సార్" అంటే కన్సల్టెంట్ సంతకం పెట్టడు. క్యూబులు ఏవి, 7 రోజులకు ఎంత బలం వచ్చింది, 28 రోజులకు ఎంత వచ్చింది, అది ఏ గ్రిడ్‌లో పోసిన కాంక్రీటు అని అడుగుతాడు. వ్యాసం దిద్దే మేష్టారు కూడా అంతే. మీ మాట ఏంది, పుస్తకంలో దానికి రుజువు ఏ పేజీలో ఉంది, ఆ రుజువు మీ మాటను ఎట్ల నిలబెడుతుంది? ఈ మూడింటికి జవాబు ఉంటేనే వ్యాసం.

ఒక మాట, మూడు రుజువులు

అక్క కొడుకుతో రెండు శుక్రవారాలు కూర్చున్నాం. "నవల అంతా కాదు, ఒక్క వస్తువును పట్టుకో" అన్నాం. వాడు బాగా ఆలోచించి "నీళ్లు, మామా" అన్నాడు. మాకే ఆశ్చర్యం అనిపించింది.

చూడండి. నజీబ్ ఊళ్లో చేసిన పని ఏటిలో మునిగి ఇసుక తీయడం. నీళ్లే అతని కూలి. అది మొదటి రుజువు. ఎడారికి వచ్చిన కొత్తలో కాలకృత్యం తర్వాత కడుక్కోబోతే అర్బాబ్ బెల్టుతో కొడతాడు. అక్కడ నీళ్లు మేకలకూ తాగడానికే తప్ప మనిషి ఒంటికి లేవు. అది రెండోది. చివరికి హకీమ్, సోమాలియా మనిషి ఇబ్రహీం ఖాదిరితో కలిసి పారిపోయినప్పుడు దాహంతో ఎడారిలోనే హకీమ్ ప్రాణం పోతుంది. అది మూడోది. ఈ మూడూ వరుసగా పెడితే వాడి మాట తయారైంది: "ఈ నవలలో మనిషి నుంచి మొదట నీళ్లు పోతాయి, తర్వాత మనిషితనం పోతుంది." ఒక్కో ఘట్టానికి కథ రెండు లైన్లు చాలు. అది ఏం చూపిస్తుందో మాత్రం ఐదారు లైన్లు రాయమన్నాం.

పిల్లలు జారేచోట్లు

ఒకటి, 'నేను' అని చెప్పేది నజీబ్, బెన్యామిన్ కాదు. ఆయన బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసిన మనిషి, నజీబ్ అనే ఆయన చెప్పగా విన్న బతుకును నవల చేశారు. కాబట్టి "రచయిత మేకలు కాశాడు" అని రాయకూడదు.

రెండు, నవల ఎక్కడ మొదలైందో చూడాలి. బత్హా మనందరికీ తెలుసు. నజీబ్, ఇంకొకరు అక్కడి పోలీసులు తమను పట్టుకుంటే బాగుండునని తిరుగుతుంటారు. కథ అక్కడి నుంచి వెనక్కి పోతుంది. జైలే నయం అనుకునే మనిషిని ముందే చూపించి, బయట ఎట్లుండెనో తర్వాత చెప్పాడు. ఎందుకిట్ల చేశాడని అడిగితే ఒక పేరా దానంతటదే వస్తుంది.

మూడు, ఎదురు రుజువు దాచొద్దు. "అరబ్బులంతా దుర్మార్గులు" అని రాస్తే ఆ క్యూబ్ పగిలిపోతుంది. రోడ్డు మీదికి వచ్చిపడ్డ నజీబ్‌ను కారులో ఎక్కించుకుని ఊరు చేర్చింది కూడా ఒక అరబ్బే. అతన్ని వాడుకున్న అర్బాబ్ అసలు కఫీలే కాదు. కాబట్టి తప్పు జాతిది అనడం కంటే, మనిషి బతుకంతా ఇంకొకరి చేతిలో పెట్టే పద్ధతిది అనడం నిలబడే మాట.

నాలుగు, సినిమా చూసి రాస్తే దొరికిపోతారు. మేకలకు ఊరివాళ్ల పేర్లు పెట్టుకుని, వాటితోనే మాట్లాడుకునే నజీబ్ మనసు పుస్తకంలోనే పూర్తిగా దొరుకుతుంది.

పెద్దాయన బిడ్డ అడిగిన ప్రశ్న

ఆ అమ్మాయి రెండోసారి "నజీబ్ చాలా ఓపిక గల మనిషి" అని రాసింది. పెద్దాయన మేం నేర్పినట్టే "రుజువేది బిడ్డా?" అన్నాడు. ఆ పిల్ల కొద్దిసేపు ఊకుండి, "అది ఓపికా, దిక్కులేకనా నాయినా? మీరు అన్నేండ్లు అక్కడ ఉన్నది ఎందుకు?" అని అడిగింది. పదకొండేళ్లలో ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. ఆయన దాచకుండా చెప్పాడు. మొదటి నాలుగేళ్లు అప్పు, దిక్కులేక ఉన్నా. తర్వాతవి మీ చదువు కోసం, ఇష్టపడే ఉన్నా అని.

ఆ అమ్మాయి తన తండ్రి మాట వ్యాసంలో పెట్టలేదు. పెట్టకూడదు కూడా, అది పుస్తకంలోని రుజువు కాదు. కానీ పుస్తకాన్ని కొత్త కళ్లతో చదివింది. తప్పించుకునే దారి లేనంతకాలం నజీబ్‌ది ఓపిక అనలేం, దారి దొరికిన రోజు అతను నడిచిపోయాడు, అదే రుజువు అని రాసింది. మొదటి రెండు పేజీల్లోని "పాపం" అన్న మాట ఈసారి ఒక్కచోట కూడా లేదు.

ఏ నవలకైనా ఇదే దారి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' తీసుకున్నా, సీతారామారావు అసమర్థుడా, లేక అతన్ని అట్ల చేసినవి వేరే ఉన్నాయా అని అడిగి, పేజీలు తిప్పి చూడాల్సిందే.

కాబట్టి ఈ శుక్రవారం మార్కులు అడిగినంక ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. "ఆ పుస్తకం గురించి నీ మాటేంది? అది ఏ పేజీలో ఉంది?" జవాబు రావడానికి టైం పడుతుంది. కార్డులో బ్యాలెన్స్ చూసుకుని, నిదానంగా వినండి.